మీ నీళ్లకు ఏ చేప సరిపోతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఇంటి అక్వేరియం నీళ్ల గురించి వచ్చిన ఉత్తరాలు తీసుకున్నాం. జవాబుల్లో రెండు మాటలు పదేపదే వస్తాయి. జీహెచ్ అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం. గీజర్ కాయిల్‌కు తెల్లగా పెంకు కట్టించేది ఇదే. కేహెచ్ అంటే బైకార్బొనేట్ల మోతాదు. పీహెచ్‌ని, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకెను, అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచేది ఇది. రెండింటినీ డిగ్రీల్లో చెబుతున్నాం. ల్యాబ్ రిపోర్టులో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉంటే, ఆ అంకెను 17.9తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. ఇంట్లోనే చూసుకోవాలంటే చుక్కల కిట్ కొనండి. 5 మి.లీ. నీళ్లలో రంగు మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ముంచి చూసే కాగితపు పట్టీల మీద ఆధారపడకండి, తేమ తగిలితే అబద్ధం చెబుతాయి. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నింటి మొత్తం.

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. 2×1×1 అడుగుల తొట్టిలో పన్నెండు నియాన్ టెట్రాలు వేశాం. బోరు నీళ్లే పోస్తాం. టీడీఎస్ 900, పీహెచ్ 8.1. ల్యాబ్‌లో మొత్తం హార్డ్‌నెస్ 430, ఆల్కలినిటీ 290 అని ఇచ్చారు. పీహెచ్ తగ్గాలని షాపులో ఒక సీసా ఇచ్చారు. సాయంత్రం వేస్తే 6.8కి దిగుతుంది, తెల్లారేసరికి మళ్లీ 8 దాటుతుంది. రెండు వారాల్లో ఏడు చేపలు పోయాయి. మిగిలినవైనా దక్కుతాయా?

జవాబు: ముందు ఆ సీసా వాడకం ఆపేయండి. అందులో ఉండేది ఆమ్లం. మీ రిపోర్టులోని హార్డ్‌నెస్ ప్రకారం జీహెచ్ 24, ఆల్కలినిటీ ప్రకారం కేహెచ్ 16. నీళ్లలో అంత బైకార్బొనేట్ ఉంటే వేసిన ఆమ్లాన్నంతా అదే మింగేస్తుంది. ఆ చర్యలో కార్బన్ డయాక్సైడ్ పుట్టి, పీహెచ్ కాసేపు దిగినట్టు కనిపిస్తుంది. రాత్రంతా ఆక్సిజన్ మోటారు నడిచేసరికి ఆ వాయువు పైకి పోతుంది, పీహెచ్ మొదటికే వస్తుంది. ఇలా రోజూ దింపి ఎక్కించడం కంటే 8.1 దగ్గర నిలకడగా ఉంచడమే చేపకు నయం.

అసలు నష్టం ఇంకోచోట ఉండవచ్చు. తొట్టి పెట్టి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. కొత్త తొట్టిలో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోపు అమ్మోనియా పేరుకుంటుంది. దాని విషం ఎంతన్నది పీహెచ్‌ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం సుమారు అర శాతమే. పీహెచ్ 8 దగ్గర అది 5 శాతం దాటుతుంది. సాయంత్రం 6.8, పొద్దున 8.1 అంటే, కిట్‌లో అదే అంకె కనిపిస్తున్నా చేప మొప్పలకు తగిలే విషం రాత్రికి రాత్రే పదిహేను రెట్లకు పైగా పెరిగినట్టు. ఇవాళే అమ్మోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. అమ్మోనియా 0.5 కనిపించినా మీ పీహెచ్‌లో అది ప్రమాదమే. మేత రెండు రోజులు ఆపి, తొట్టిలో ఉన్నలాంటి నీళ్లతోనే రోజుకు నాలుగో వంతు మార్చండి.

రెండూ సున్నా ఉంటే ఇక కాఠిన్యం పని పట్టవచ్చు. నియాన్ టెట్రా అమెజాన్ పైభాగపు వాగుల చేప. అక్కడి నీళ్లలో సున్నం దాదాపు ఉండదు. అయితే షాపుల్లోకి వచ్చే వాటిలో ఎక్కువ భాగం పెంపకం కేంద్రాల్లో పుట్టినవే కాబట్టి, గుడ్లు పెట్టించాలన్న కోరిక లేకపోతే జీహెచ్ 6 నుంచి 8, కేహెచ్ 3 నుంచి 5 చాలు. దీనికి ఇంట్లో ఉన్న ఆర్వో సరిపోతుంది. ఆర్వో నీళ్ల టీడీఎస్ 30, జీహెచ్ 1 అనుకుందాం. ఒక వంతు బోరు నీళ్లు, మూడు వంతుల ఆర్వో నీళ్లు కలిపితే జీహెచ్ 7, కేహెచ్ 5 లోపు, టీడీఎస్ 250 దగ్గర వస్తాయి. మీ ఆర్వోలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే ముందు దాన్ని పూర్తిగా మూసేయండి. లేదంటే కొంత బోరు నీరు వడపోత లేకుండానే అందులో కలిసిపోయి లెక్క తప్పుతుంది.

మీ తొట్టి కొలత ప్రకారం 56 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను ఉండేది 48 లీటర్లు. ఉన్న నీళ్లను ఒక్కసారిగా మార్చకండి. ఎక్కువ లవణాల నుంచి తక్కువ లవణాలకు వేగంగా దింపితే చేప ఒంట్లోకి నీరు చొరబడుతుంది, దాన్ని బయటికి తోడలేక చచ్చిపోతుంది. రోజు విడిచి రోజు 6 లీటర్లు తీసి, ఒకటిన్నర లీటర్ బోరు, నాలుగున్నర లీటర్ల ఆర్వో కలిపి పోయండి. మూడు వారాలకు టీడీఎస్ 400 ప్రాంతానికి వస్తుంది. తర్వాత వారానికి 12 లీటర్లు: 3 బోరు, 9 ఆర్వో. ఆవిరైన నీటికి బదులు పోసేది మాత్రం ఎప్పుడూ ఉత్త ఆర్వో నీరే. ఎందుకో రెంటచింతల పాఠకుడికిచ్చిన జవాబులో చూడండి.

మీ వీధికి నల్లా నీళ్లు వస్తుంటే ముందు వాటిని పరీక్షించండి. నగరానికి కృష్ణా, గోదావరి, మంజీరాల నుంచి వచ్చే నీరు చాలా బోర్ల కంటే మెత్తన. అసలు కలిపే పనే తప్పవచ్చు. దానిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని పోగొట్టే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయాలి. 10 గ్రాముల హైపో గడ్డలు 100 మి.లీ. నీళ్లలో కరిగించి సీసాలో పోసుకోండి. 10 లీటర్ల నల్లా నీళ్లకు 1 మి.లీ. చాలు.

ఒక్క సంగతి. చచ్చిన చేపల్లో నీలి గీత మధ్యలో మాసిపోయి, లోపలి కండ తెల్లగా పాలిపోయి ఉంటే అది నీళ్ల తప్పు కాదు. నియాన్ జబ్బు తెచ్చే పరాన్నజీవి పని. దానికి మందు లేదు. అలాంటి చేపను వెంటనే వేరు చేయండి, చచ్చిన చేపను మిగతావి కొరకనివ్వకండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. మా బోరు నీళ్లు ఉప్పన, జీహెచ్ 28, కేహెచ్ 20. తాగే నీళ్లే మంచివని పూర్తిగా ఆర్వో నీళ్లు పోసి మోలీలు, గప్పీలు పెంచుతున్నాం. మోలీలు ఉన్నచోటే ఉండి ఒళ్లు ఊపుతున్నాయి, ముందుకు కదలవు. రెక్కలు ముడుచుకున్నాయి. రాళ్ల ఉప్పు వేయమన్నారు. వేయమంటారా?

జవాబు: వద్దండీ. మీ మోలీలకు కావలసింది ఉప్పు కాదు, సున్నం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం. మెత్తని నీళ్లలో పెట్టిన మోలీ ఇలాగే నిలుచున్నచోట ఊగుతుంది. మెక్సికో, మధ్య అమెరికా తీరప్రాంతాల కఠిన జలాల్లో బతికే జాతి అది. మొప్పల ద్వారా కాల్షియం తీసుకోవడానికి అలవాటు పడిన ఒళ్లు. రాళ్ల ఉప్పు సోడియం ఇస్తుంది, కాల్షియం ఇవ్వదు. టీడీఎస్ మీటర్ మీద అంకె పెరుగుతుంది కాబట్టి పని జరిగినట్టు అనిపిస్తుంది, అంతే. ఆ మీటర్ కరెంటు ఎంత పారుతుందో చూస్తుంది. కరిగింది ఉప్పా, సున్నమా అన్నది దానికి తెలియదు.

మనుషులు తాగడానికి బాగుండని మీ బోరు నీరే మోలీకి ప్రాణం. రెండు వంతుల బోరు, మూడు వంతుల ఆర్వో కలపండి. జీహెచ్ 12, కేహెచ్ 8 చిల్లర వస్తాయి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ నాలుగింటికీ ఇది సరిపోతుంది. మోలీలు మాత్రమే ఉంటే సగం సగం కలిపినా తప్పు లేదు. ఈ మిశ్రమంతో రోజు విడిచి రోజు తొట్టిలో అయిదో వంతు నీరు మార్చండి. ఆరోసారికి జీహెచ్ 9 దగ్గరికి వస్తుంది. ఊగడం సాధారణంగా ఆలోపే తగ్గుతుంది.

ఆర్వో నీళ్లతో ఇంకో చిక్కు ఉంది, చాలామంది పట్టించుకోరు. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు కేహెచ్‌ను తినేస్తుంది. కేహెచ్ ఒకటో రెండో ఉన్న తొట్టిలో కొన్ని వారాలకే అది అయిపోతుంది. ఆపైన పీహెచ్ ఉన్నట్టుండి 6 కిందికి జారుతుంది, బ్యాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పేరుకోవడం మొదలవుతుంది. అప్పుడు కంగారుపడి ఒక్కసారిగా బోరు నీళ్లు కుమ్మరిస్తే పీహెచ్ ఎగిరి, పేరుకున్న అమ్మోనియా అంతా విషంగా మారుతుంది. నీళ్లు మార్చిన గంటలోనే చేపలన్నీ పోయాయని చెప్పేవాళ్ల తొట్లలో చాలాసార్లు జరిగేది ఇదే. మీరు ఎలాగూ నెమ్మదిగా మారుస్తున్నారు కనుక భయం లేదు, కానీ మొదలుపెట్టే ముందు అమ్మోనియా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంట్‌కు వాటర్ సాఫ్ట్‌నర్ ఉంది. కుళాయి నీళ్ల జీహెచ్ 1, కేహెచ్ 15, టీడీఎస్ 850, పీహెచ్ 8.3. జీహెచ్ తక్కువే కదా, టెట్రాలకు పనికొస్తాయా?

జవాబు: పనికిరావు. గప్పీలకూ పనికిరావు. సాఫ్ట్‌నర్ లవణాలను తీసేయదు. కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని, బదులుగా సోడియం వదులుతుంది. అందుకే టీడీఎస్ తగ్గలేదు, కేహెచ్ అలాగే ఉంది. మెత్తని నీటి చేపకు ఆ సోడియం, ఆ పీహెచ్ రెండూ పడవు. కఠిన జలపు చేపకు కావలసిన కాల్షియం అందులో లేదు. ఉప్పుతో యంత్రాన్ని శుభ్రం చేసిన పూట సరిగా కడగకపోతే ఆ ఉప్పు నీళ్లు కూడా పైపుల్లోకి వస్తాయి.

దారి రెండు రకాలు. వాచ్‌మన్‌ని అడిగి సాఫ్ట్‌నర్‌కు ముందున్న లైన్ నుంచి, అంటే బోరు మోటారు దగ్గరి కుళాయి నుంచి నీళ్లు పట్టుకోండి. గప్పీలకు అదే చాలు, మరీ కఠినంగా ఉంటే ఆర్వో కలపండి.

టెట్రాలే కావాలంటే ఇంట్లో ఆర్వో నీళ్లు పట్టి లవణాలు మీరే కలుపుకోవచ్చు. సాఫ్ట్‌నర్ నీళ్ల మీద నడిచే ఆర్వో మెంబ్రేన్‌కు సున్నం పట్టదు, ఎక్కువ కాలం వస్తుంది, సోడియాన్నీ ఆపేస్తుంది. 20 లీటర్ల బకెట్‌కు లెక్క ఇది: కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.4 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 1.3 గ్రాములు, వంట సోడా 1.8 గ్రాములు. జీహెచ్ 6, కేహెచ్ 3 పెరుగుతాయి. స్పూన్లతో కొలవకండి. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ త్రాసు కొనండి. మూడింటినీ ఒకే గ్లాసులో కరిగిస్తే కాల్షియం, సోడా కలిసి తెల్లని సున్నపు పొడిగా అడుగున దిగిపోతాయి, వేసింది వృథా. ఒక్కొక్కటీ విడిగా ఒక గ్లాసు నీళ్లలో కరిగించి, ఒకటి బకెట్‌లో బాగా కలిశాకే రెండోది పోయాలి. కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమ పీల్చి జిగటవుతుంది, అప్పుడు తూకం తప్పుతుంది. గట్టి మూత ఉన్న సీసాలో దాచండి. వంట సోడా బదులు బేకింగ్ పౌడర్ వాడకండి, అందులో ఆమ్లపు పొడి, పిండి కలిసి ఉంటాయి.

ప్రశ్న: మాది రెంటచింతల. ఎండాకాలం తొట్టిలో నీళ్లు 33 డిగ్రీలు దాటుతున్నాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ప్లాటీలు, జీబ్రా డానియోలు, నాలుగు వైట్ క్లౌడ్‌లు ఉన్నాయి. రోజూ తగ్గిన నీళ్లు బోరు నుంచి పోస్తున్నా. ఐస్ వేయొచ్చా?

జవాబు: మీ ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు, 33 దగ్గర 7.2 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ వాడకం పెరుగుతుంది. నోరు తెరవడం అందుకే.

చేయాల్సింది: పై మూత తీసి, దోమతెర లాంటి వల కట్టండి, డానియోలు ఎగిరి దూకుతాయి. చిన్న ఫ్యాన్ ఒకటి నీటి మట్టం మీదుగా అడ్డంగా గాలి వీచేలా బిగించండి. నీరు ఆవిరవుతూ 2 నుంచి 4 డిగ్రీలు చల్లబడుతుంది. పల్నాడు పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది, కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో అంతగా కాదు. స్పాంజ్ ఫిల్టర్‌కు గాలి పెంచండి. మేత సగం చేసి, పొద్దున్నే వేయండి. తొట్టి లైటు రోజుకు అయిదారు గంటలు చాలు. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లు పోయకండి, చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. నీళ్లు మార్చడం తెల్లవారుజామునే. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఆక్సిజన్ మోటారు ఒకటి ఇంట్లో ఉండాలి.

ఐస్ ముక్కలు నేరుగా వేయకండి. గడ్డకట్టిన నీళ్ల సీసా తేలనివ్వచ్చు, గంటకు ఒక డిగ్రీకి మించి తగ్గకుండా చూస్తూ. అయితే మీరు ఆఫీసుకు వెళ్లాక సీసా కరిగిపోయి, సాయంత్రానికి మళ్లీ 33 అయితే ఆ ఎత్తుపల్లాలే వేడి కంటే చేటు. ఫ్యాన్ నిలకడగా నడవడం మేలు.

ఇప్పుడు బోరు నీళ్ల సంగతి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని సున్నం తొట్టిలోనే ఉండిపోతుంది. ఫ్యాన్ పెడితే రోజుకు లీటరుకు తక్కువ కాకుండా తగ్గవచ్చు. మీ తొట్టి 50 లీటర్లు, జీహెచ్ 15 అనుకోండి. రోజూ 25 డిగ్రీల జీహెచ్ ఉన్న బోరు నీరు ఒక లీటరు పోస్తూ పోతే, నెల తిరిగేసరికి 15 కాస్తా 30 అవుతుంది. అద్దం అంచున తెల్లటి గీతలు కట్టడం దాని గుర్తు. జూన్‌లో షాపు నుంచి కొత్త చేపలు తెస్తే అవి మర్నాటికే చచ్చిపోతాయి, పాతవి మాత్రం బాగుంటాయి. పాతవి మెల్లమెల్లగా అలవాటు పడి ఉంటాయి కాబట్టి. తగ్గిన మేరకు ఆర్వో నీరు పోయండి, వారానికోసారి కొంత తీసి మార్చేటప్పుడే బోరు నీరు.

వైట్ క్లౌడ్‌లను మాత్రం చల్లటి చోట ఉండేవాళ్లెవరికైనా ఇచ్చేయండి. దక్షిణ చైనా కొండవాగుల చేప, 16 నుంచి 22 డిగ్రీలు దానికి హాయి. మీ వేసవిలో దాన్ని ఉంచడం దాని మీద పగబట్టినట్టే. ప్లాటీలకు 28 దాకా ఇబ్బంది లేదు. డానియోలు ఫ్యాన్ ఉంటే నెట్టుకొస్తాయి.

ప్రశ్న: వరంగల్ నుంచి. హైదరాబాద్‌లో కొన్న కార్డినల్ టెట్రాలను కవరుతో సహా పావుగంట నీళ్లలో తేలేసి వదిలాను. మా నీళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి: అమ్మోనియా సున్నా, జీహెచ్ 3, టీడీఎస్ 90. అయినా మర్నాటికి సగం పోయాయి. ఎందుకు?

జవాబు: తేలేయడం వేడిని మాత్రమే సమం చేస్తుంది. షాపు తొట్టి టీడీఎస్ ఎంతో అడిగారా? నగరంలో చాలా షాపులు బోరు నీళ్లతోనే నడుస్తాయి, 600, 700 ఉండటం మామూలే. కార్డినల్ స్వతహాగా రియో నీగ్రో ప్రాంతపు మెత్తటి నల్లని నీళ్ల చేపే అయినా, ఆ షాపులో వారాల తరబడి ఉండి ఆ నీళ్లకు సర్దుకుంటుంది. అక్కడి నుంచి 90కి పావుగంటలో దూకిస్తే, నీళ్లు దాని జాతికి ఎంత అనువైనవైనా సరే, ఆ దూకుడే చంపుతుంది.

చేప కొనడానికి వెళ్లేటప్పుడు టీడీఎస్ పెన్ను జేబులో పెట్టుకోండి. రెండు నీళ్ల తేడా 100 లోపు ఉంటే తేలేసి వదిలేయవచ్చు. అంతకు మించితే: చేపలను కవరు నీళ్లతో సహా చిన్న బకెట్‌లోకి వంచండి. ఆక్సిజన్ గొట్టం ఒకటి తొట్టిలోంచి బకెట్‌లోకి దించి, నోటితో పీల్చి నీరు పారించి, గొట్టానికి వదులు ముడి వేయండి. సెకనుకు రెండు మూడు చుక్కలు పడాలి. బకెట్‌లో నీరు రెట్టింపు అయ్యాక సగం పారబోసి మళ్లీ పట్టండి. బకెట్ నీటి టీడీఎస్ తొట్టి నీటికి 50 దగ్గరికి వచ్చేదాకా ఇలాగే, గంటన్నర పట్టినా పట్టవచ్చు. తర్వాత వలతో చేపలను మాత్రమే తీసి వదలండి, ఆ నీళ్లు తొట్టిలో పోయకండి. మీ విషయంలో తేడా మరీ ఎక్కువ కాబట్టి ఇంకా మంచి పద్ధతి, కొత్త చేపలకు వేరే చిన్న తొట్టి పెట్టి, అందులో టీడీఎస్ 500 దగ్గర మొదలుపెట్టి రెండు వారాల్లో దింపడం. ఆ రెండు వారాల్లో జబ్బులేమన్నా ఉంటే అవీ బయటపడతాయి.

ఒక మినహాయింపు. చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో రాత్రంతా ప్రయాణం చేసి పార్సిల్‌లో వచ్చిన చేపలకు ఈ చుక్కల పద్ధతి పనికిరాదు. మూసిన కవరులో చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ దిగి ఉంటుంది, అమ్మోనియా పేరుకుని ఉన్నా ఆ పీహెచ్‌లో పెద్దగా కుట్టదు. కవరు విప్పగానే వాయువు పోయి పీహెచ్ పైకి లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. అదే నీళ్లలో గంటన్నర నానబెట్టడం పొరపాటు. పంపేవాళ్ల నీటి టీడీఎస్ ముందే కనుక్కుని, విడి తొట్టిలో ఆ టీడీఎస్ నీళ్లు సిద్ధంగా పెట్టండి. కవరు మూసి ఉండగానే వేడి సమం చేసి, విప్పిన వెంటనే చేపలను వలతో అందులోకి మార్చేయండి.

ప్రశ్న: అమలాపురం. బెట్టా చేపకు బాదం ఆకులు వేస్తే పీహెచ్ తగ్గుతుందన్నారు. వేశాం, నీళ్లు టీ రంగులోకి వచ్చాయి గానీ పీహెచ్ 7.9 దగ్గరే ఉంది. కేహెచ్ 12.

జవాబు: కేహెచ్ 12 ఉన్నంతకాలం బుట్టెడు ఆకులు వేసినా పీహెచ్ కదలదు. ఆకుల్లోని ఆమ్లాలు చాలా బలహీనం. కదలాలంటే ముందు ఆర్వో కలిపి కేహెచ్‌ను 3 లోపు దించాలి. బెట్టాకు మాత్రం అంత అవసరం లేదు, పెంపకం బెట్టా 7.9లో హాయిగా బతుకుతుంది. దానికి కావలసింది 25 నుంచి 28 డిగ్రీల వేడి, నిమ్మళంగా ఉండే నీరు.

ఆకులు వేయడం మానకండి. ఆ టానిన్లు బూజునూ బ్యాక్టీరియానూ కొంత అణచిపెడతాయి, మసక వెలుగులో చేప బెదరదు. మనం గింజలు కొట్టుకు తినే నాటు బాదం చెట్టువే కావాలి, తనంతట రాలి గోధుమ రంగులో ఎండినవి. పచ్చివి కుళ్లుతాయి. రోడ్డు పక్కవీ, మందు కొట్టిన తోటల్లోవీ వద్దు. 20 లీటర్లకు అరచేతి పెద్దది ఒకటి, మూడు వారాలకోసారి మార్చండి.

ప్రశ్న: విశాఖ. ఆర్కే బీచ్ నుంచి తెచ్చిన ఇసుక, గవ్వలు కడిగి టెట్రాల తొట్టిలో వేశాం. ఆర్వో కలిపి పోసినా వారానికల్లా జీహెచ్ పెరుగుతోంది.

జవాబు: గవ్వలన్నీ సున్నమే, ఆ ఇసుకలో గవ్వల పొడీ ఉంటుంది. తీసేయండి. మెత్తని నీరు దాన్ని కరిగిస్తూనే ఉంటుంది. ఏ రాయి, ఏ ఇసుక వేయాలన్నా ముందు మేడ మీద, చేతికి గ్లౌజు తొడుక్కుని, దాని మీద రెండు చుక్కల బాత్రూం యాసిడ్ వేయండి. బుసబుస నురగ వస్తే టెట్రాల తొట్టికి పనికిరాదు. వెనిగర్‌తో చూస్తే పలచటి నురగ కంటపడక తప్పించుకుంటుంది. పాలరాయి ముక్కలు పొంగుతాయి, నల్ల గ్రానైట్ ముక్కలు పొంగవు. యాసిడ్ తగిలిన రాయిని బాగా కడిగి రెండు రోజులు నీళ్లలో నానబెట్టాకే వాడండి.

ఆ గవ్వలు పారేయకండి. ఆర్వో నీళ్లలో మోలీలు పెంచే పొరుగువాళ్లుంటే వాళ్ల ఫిల్టర్‌లో పిడికెడు వేయమనండి.

ప్రశ్న: నల్గొండ. మా బోరు జీహెచ్ 22, కేహెచ్ 14. ఆర్వోలు, లెక్కలు మా వల్ల కాదు. ఈ నీళ్లతోనే బతికే చిన్న చేపలు, వీలైతే మన దేశానివి చెప్పండి.

జవాబు: ఇలా అడగడమే సరైన పద్ధతి. నీళ్లు చూసి చేపను ఎంచుకుంటే ఈ కాలమ్‌లోని సగం తంటాలు ఉండవు.

మన దేశపువి అంటే జీబ్రా డానియో, రోజీ బార్బ్, గ్లాస్ ఫిష్, పాంచాక్స్ కిల్లీ. నాలుగింటినీ 1822లో శాస్త్రీయంగా వర్ణించినవాడు గంగా నది చేపలను పరిశీలించిన ఫ్రాన్సిస్ హామిల్టనే. జీబ్రా డానియోకు మించిన గట్టి చేప మరొకటి దొరకదు, ఎనిమిదైనా గుంపుగా పెట్టండి, రెండడుగుల పొడవైనా ఈదే చోటు ఉండాలి. రోజీ బార్బ్ మూడంగుళాలు దాటుతుంది, మీ తొట్టి మూడడుగులది అయితేనే. గ్లాస్ ఫిష్ ఒళ్లు అద్దంలా ఉండి ఎముకలు కనిపిస్తాయి. దానికి ఉప్పు వేయాలన్నది పాత అపోహ, కఠిన జలం చాలు. కానీ బతికున్న మేత, లేదా గడ్డకట్టించిన పురుగుల మేత కావాలి, పొడి మేతను మొదట్లో ముట్టదు. ఒంటిమీద గులాబీ, ఆకుపచ్చ గీతలున్న గ్లాస్ ఫిష్ అమ్ముతుంటే కొనకండి, సూదితో రంగు ఎక్కించినవి అవి. పాంచాక్స్ నీటి పైభాగంలోనే తిరుగుతుంది, నోట్లో పట్టేంత చిన్న చేపను మింగేస్తుంది, గప్పీ పిల్లలతో పెట్టకండి.

పరదేశపువైనా పర్లేదంటే గప్పీ, ప్లాటీ, మోలీ మీ నీళ్లలో పిల్లలు పెడుతూ పోతాయి. పిల్లలు ఎక్కువయ్యాయని చెరువులో వదలకండి, స్నేహితులకివ్వండి.

వేయకూడనివి: కార్డినల్, నియాన్, చిల్లీ రాస్బోరా. కేరళ వాగుల డెనిసన్ బార్బ్ కూడా వద్దు. మన దేశానిదే అయినా చల్లటి పారే నీళ్లు కోరుతుంది, అరడుగు పెరుగుతుంది, అడవిలో దాని సంఖ్య తగ్గిపోయి అంతర్జాతీయ పట్టికలో అంతరించిపోయే జాతుల్లో చేరింది.

మీ నీళ్ల పీహెచ్ చూసేటప్పుడు బోరు నుంచి పట్టిన వెంటనే చూడకండి. నేల లోపలి కార్బన్ డయాక్సైడ్ వల్ల అప్పుడు 7 చూపిస్తుంది. బకెట్‌లో ఆక్సిజన్ మోటారు పెట్టి ఒక రోజు ఉంచి చూస్తే 8 దాటవచ్చు. తొట్టిలో చేప చూసేది ఆ రెండో అంకెనే. కొత్త నీళ్లు పోసే ముందు కూడా అలా ఒక రోజు గాలి పట్టించి పోస్తే పీహెచ్ తేడా రాదు. ట్యాంకర్ వచ్చిన వారం మాత్రం టీడీఎస్ చూడకుండా పోయకండి, ఏ బోరు నీళ్లు తెచ్చారో తెచ్చినవాళ్లకే తెలియదు.